బ్యాచ్ గెట్ టుగెదర్‌కి ‘ఆ రోజుల’ సాయంత్రం ఎలా పెట్టుకోవాలి

వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ‘ఈసారి రెట్రో థీమ్ పెడదాం రా’ అని మెసేజ్ పెడతారు, నిమిషంలో అందరూ బొటనవేళ్లు గుప్పిస్తారు, ఆ తర్వాత పని మొత్తం ఈవెంట్ చేసేవాళ్ల చేతికి పోతుంది. వాళ్ల దగ్గర ఉండే సరుకు ఎప్పుడూ ఒకటే. తళుకు చొక్కాలు, గుబురు విగ్గులు, గుండ్రటి రంగు కళ్లద్దాలు, థర్మాకోల్‌తో చేసిన గ్రామఫోను. అది ఏ ఊరిదో, ఏ కాలానిదో వాళ్లకీ తెలీదు. డీజే కుర్రాడేమో 1978 నాటి పాట మీద 2004 నాటి పాట ఎక్కించి కొడతాడు. అందరూ ఫొటోలు దిగి, బిర్యానీ తిని ఇళ్లకి పోతారు. సరదాగానే ఉంటుంది, కాకపోతే ఎవరికీ ఏమీ గుర్తుకు రాదు.

గుర్తుకు రావాలంటే రెట్రో అనే ఆ కలగూరగంపని పక్కన పెట్టండి. ఒక ఊరు, ఒక ఏడాది పట్టుకోండి. మీ కాలేజీ ఉన్న ఊరు, మీరు అక్కడ ఉన్న ఏడాది. పాటలు, బట్టలు, జుట్టు, తిండి, ఆఖరికి గదిలో వెలిగే లైట్లు కూడా ఆ ఏడాదిని అడిగే తేల్చుకోండి. ఖర్చు తగ్గుతుంది, పని కొంచెం పెరుగుతుంది. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. ఎందుకో జుట్టు దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ముందు ఏడాది తేల్చండి

‘ఎయిటీస్, నైంటీస్’ అని గుండుగుత్తగా అనుకుంటే కుదరదు. ఆ ఇరవై ఏళ్లలో కుర్రకారు వేషం నాలుగుసార్లయినా మారింది. 1980లో ‘ఆప్ జైసా కోయీ’ పాటతో నాజియా హసన్ గొంతు ఊరూరా మోగినప్పుడు బెల్ బాటమ్ ఇంకా పూర్తిగా పోలేదు, చొక్కా కాలర్లు రెక్కల్లా పరుచుకునే ఉన్నాయి. 1987లో చిరంజీవి ‘పసివాడి ప్రాణం’లో బ్రేక్ డాన్స్ చేసేనాటికి ప్యాంటు తలకిందులైంది: తొడ దగ్గర వదులు, మడమ దగ్గర బిగుతు. 1989లో ఒకే ఏడాది ‘గీతాంజలి’, ‘శివ’ రెండూ వచ్చాయి, రెండిటికీ సంగీతం ఇళయరాజాదే. ఆ ఏడాది కాలేజీలో ఉన్నవాళ్లని కదిపితే చాలు, మిగతా కథ వాళ్లే చెప్తారు. 1991లో స్టార్ టీవీ డిష్‌ల మీదుగా కేబుల్ ఇళ్లలోకి వచ్చాక సంగతి మళ్లీ మారింది. అప్పటిదాకా శుక్రవారం దూరదర్శన్‌లో సినిమా పాటలు వేసే చిత్రలహరి కోసం ఎదురుచూసిన ఇంట్లోనే ఇంగ్లిషు పాటల వీడియోలు రోజంతా వచ్చాయి.

అందుకని మీ బ్యాచ్ ఉదాహరణకి 1991–94 అయితే, అందులో కూడా ఒక ఏడాది ఎంచుకోండి. నా ఓటు ఎప్పుడూ రెండో ఏడాదికే. మొదటి ఏడాది ఎవరికీ ఎవరూ తెలీదు, ఆఖరి ఏడాది పరీక్షల టెన్షన్, ఉద్యోగాల గోల.

ఇక్కడ అందరూ పడే గోతి ఒకటుంది. మన జ్ఞాపకానికి తారీఖులు ఉండవు. 91–94 బ్యాచ్ వాళ్లని అడగండి, ‘ముక్కాలా ముకాబులా’ మా కాలేజీ ఫంక్షన్‌లోనే ఆడాం అని ఒట్టేసి మరీ చెప్తారు. ఆ పాట ఉన్న ‘ప్రేమికుడు’ తమిళ మాతృక థియేటర్లకి వచ్చిందే 1994 సెప్టెంబరులో, అప్పటికి వీళ్ల ఫైనలియర్ పరీక్షలు అయిపోయి నెలలు గడిచాయి. వాళ్లు నిజంగా ఆడింది బహుశా 1993లో వచ్చిన ‘జెంటిల్‌మన్’లో ‘చికుబుకు రైలే’ అయ్యుంటుంది, ఆడింది అదే ప్రభుదేవా కాబట్టి రెండూ తలలో కలిసిపోతాయి. ఇలాంటివి నవ్వులకి పనికొస్తాయి గానీ జాబితాలోకి రానివ్వకండి. మీ ఏడాది దాటి వచ్చిన పాట ఎంత మంచిదైనా ఆ సాయంత్రానికి పరాయిదే.

పాత ఫొటోలు సేకరించండి

గ్రూపులో ‘పాత ఫొటోలుంటే పెట్టండి’ అంటే ఎవరూ పెట్టరు. పెట్టినా పెళ్లి ఫొటోలు పెడతారు. అడిగే తీరు మార్చండి. ‘టూర్‌కి వెళ్లినప్పుడు బస్సు ముందు దిగిన గ్రూప్ ఫొటో ఎవరి దగ్గరుంది?’, ‘ఫేర్‌వెల్ రోజు ఓణీలు వేసుకుని మెట్ల మీద కూర్చున్నది ఎవరు దాచారు?’ అని ఒక్కో ఫొటోని పేరు పెట్టి అడగండి, అప్పుడు బీరువాలు తెరుచుకుంటాయి.

ఫొటోని ఫోన్‌తో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపండి, పగలు కిటికీ పక్కన బల్ల మీద పడుకోబెట్టి నిటారుగా పైనుంచి తీయండి. జిగురు అట్టలు, మీద ప్లాస్టిక్ పొర ఉన్న పాత ఆల్బమ్‌లలో ఫొటో కరుచుకుపోయి ఉంటే గోటితో పీకకండి, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని కిందినుంచి రంపంలా మెల్లగా లాగితే ఊడి వస్తుంది. అప్పటికీ రాకపోతే వదిలేసి ఆల్బమ్‌లో ఉన్నది ఉన్నట్టే ఫొటో తీసుకోండి.

బట్టల కోసం ఈ ఫొటోలు చూస్తున్నప్పుడు రంగుల్ని నమ్మకండి. ఆ రోజుల కలర్ ప్రింట్లలో నీలి వర్ణం ముందు చచ్చిపోయి ఫొటో మొత్తం ఎర్రబారుతుంది. ఫొటోలో మెరూన్‌గా కనిపించే చొక్కా అసలు గోధుమ రంగుదో, ఊదా రంగుదో కావచ్చు. చూడాల్సింది కత్తిరింపు: కాలర్ ఎంత, చెయ్యి మోచేతికి ఎంత పైన ఆగింది, బెల్టు ఎక్కడ కట్టారు. నడుముకి కాదండీ, దాదాపు బొడ్డు మీద కట్టేవాళ్లం.

పాటల జాబితా

యూట్యూబ్‌లో ‘నైంటీస్ హిట్స్’ అని కొట్టి వచ్చింది పెట్టేస్తే ఈ గైడ్ అక్కర్లేదు. అప్పట్లో పాట ఏ దారిన మీ చెవిలో పడిందో ముందు రాసుకోండి. వివిధ భారతిలో విన్నవి, చిత్రలహరిలో చూసినవి, హాస్టల్ పక్కన టీ కొట్టువాడు రోజూ వేసినవి, పెళ్లిళ్లలో మైకు సెట్టువాడు తెల్లారుజామునే మొదలుపెట్టినవి, డబ్బులున్న ఫ్రెండు వాక్‌మన్‌లో ఒక చెవికి ఇచ్చి వినిపించినవి. ఈ దారుల్లో ఒక్కోదాని నుంచి రెండేసి మూడేసి తీసుకుంటే జాబితా నిండుతుంది, అది మీ బ్యాచ్‌ది మాత్రమే అవుతుంది. గుంటూరు వాళ్ల జాబితా, కరీంనగర్ వాళ్ల జాబితా ఒకలా ఉండవు. హైదరాబాద్ వాళ్లకి హిందీ పాటలు ఎక్కువ పడతాయి, అది సహజం, దాన్ని సరిచేయాలని చూడకండి.

తెలుగు సినిమా పాటలు ఎలాగూ వస్తాయి, మనం మర్చిపోయేది పాప్ ఆల్బమ్‌లని. 90ల్లో సినిమాతో సంబంధం లేని పాటలు కూడా క్యాసెట్లుగా మన ఊళ్లలో అమ్ముడుపోయాయి: 1992లో బాబా సెహగల్ ‘ఠండా ఠండా పానీ’, 1995లో అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’, 1996లో లక్కీ అలీ ‘ఓ సనమ్’. ఇందులో ఒక చమత్కారం ఉంది, మీ క్విజ్‌కి పనికొస్తుంది. 1980 నాటి ‘ఆప్ జైసా కోయీ’, 1995 నాటి ‘మేడ్ ఇన్ ఇండియా’ రెండింటి వెనకా ఉన్నది ఒకరే, బెంగళూరు నుంచి లండన్ వెళ్లిన సంగీత దర్శకుడు బిడ్డు. ఇంగ్లిషు పాటల్లో బోనీ ఎం, అబ్బా, మైకేల్ జాక్సన్ చాలు. మాటలు తెలియకుండానే మొత్తం పాట పాడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు, ఆ మనిషిని ముందే పట్టుకుని ఒక పాట అప్పగించండి.

ఇప్పుడు జాబితాని సి-60 క్యాసెట్ కొలతకి కుదించండి. అంటే సైడుకి 30 నిమిషాలు, అయిదో ఆరో పాటలు, అంతే. రికార్డింగ్ షాపుకి పాటల చీటీ తీసుకెళ్లిన రోజులు గుర్తున్నాయిగా, పన్నెండు పాటలు రాయాలంటే పదిసార్లు కొట్టేసి రాసేవాళ్లం, ఆ తగువే సగం సరదా. గ్రూపులో మళ్లీ ఆ తగువు పెట్టండి. నలుగురు నాలుగు క్యాసెట్లకి బాధ్యత తీసుకుంటే నాలుగు గంటల సంగీతం అవుతుంది, సాయంత్రానికి అది ఎక్కువే. ఏ సైడులో మొదటి పాట డాన్స్ పాట కాకూడదు, మనుషులు ఇంకా ఒకరినొకరు గుర్తుపట్టే పనిలో ఉంటారు. ఆఖరి పాట 30 నిమిషాలు దాటితే మధ్యలో తెగిపోనివ్వండి. అప్పుడూ అంతే కదా, టేపు అయిపోయి పల్లవి దగ్గర టక్కుమని ఆగేది, ఇప్పటికీ ఆ పాట రేడియోలో వస్తే చెవి అక్కడే ఆగుతుంది.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఒరిజినల్ రికార్డింగేనా అని ఓసారి విని చూసుకోండి. రీమిక్సులు, వేరే ఎవరో పాడిన కవర్లు, కొత్తగా డోలు కలిపినవి అదే పేరుతో తిరుగుతుంటాయి.

అసలు క్యాసెట్లు దొరికితే

ఇక్కడ ఓపిక పెట్టండి, ఎందుకంటే ఈ సాయంత్రంలో డబ్బుతో కొనలేని భాగం ఇదొక్కటే. సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇంట్లో టూ-ఇన్-వన్ (రేడియో, టేప్ రికార్డర్ కలిసిన పెట్టె) ముందు కూర్చుని రికార్డు చేసిన టేపులు దొరకవు. టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి, ‘ఎవరూ మాట్లాడకండి’ అని ఇంటిల్లిపాదినీ బెదిరించి చిత్రలహరి రికార్డు చేసేవాళ్లం, అయినా మధ్యలో కుక్కర్ కూత, అమ్మ పిలుపు, వీధిలో ఉల్లిపాయలవాడి కేక అన్నీ పడేవి. హాస్టల్లో ఎవరో పాడిన పాట, కాలేజీ డే నాటి మిమిక్రీ ఉన్న టేపులు కూడా ఇలాంటివే. గ్రూపులో ముందు వీటినే అడగండి.

క్యాసెట్ చేతికొచ్చాక వెంటనే ప్లేయర్‌లో పెట్టేయకండి. మొదట వెలుతురులో పట్టుకుని కిటికీలోంచి చుట్టిన టేపు అంచు చూడండి. తెల్లటి చుక్కలు, బూజు పొడి కనిపిస్తే అది ఫంగస్, కోస్తా జిల్లాల గాలికి ఇది మామూలే. అలాంటిది ప్లే చేస్తే ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్డు పాడవుతుంది, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ అంటుకుంటుంది. దాన్ని విడిగా కవర్లో కట్టి పక్కన పెట్టి, చేయి తిరిగిన మెకానిక్‌కి ఇవ్వండి.

రెండోది, క్యాసెట్ కింది అంచున మధ్యలో చూడండి, చిన్న రేకు మీద గోరంత ఉన్ని ముక్క ఉంటుంది. టేపుని హెడ్డుకి ఒత్తిపట్టేది అదే. ముప్పై ఏళ్లకి జిగురు ఎండి రాలిపోతుంది. అది లేకపోతే శబ్దం మందంగా, దుప్పటి కప్పినట్టు వస్తుంది, మనమేమో టేపు పాడైందనుకుని పారేస్తాం. పనికిరాని క్యాసెట్ ఒకటి విప్పి దాని ముక్క తీసి ఇందులో పెట్టేయొచ్చు. అయిదు స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పడం సులువు, బల్ల మీద పడుకోబెట్టి పై మూత మాత్రమే ఎత్తండి, లోపలి చక్రాలు కదలకూడదు. స్క్రూలు లేకుండా అతికించిన డబ్బా అయితే అంచుని చాకుతో చీల్చి, టేపుని స్క్రూల డబ్బాలోకి మార్చాలి.

మూడోది, క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ నాలుకలు విరిచేయండి. అవి లేకపోతే రికార్డు బటన్ నొక్కినా దిగదు, పొరపాటున పాట చెరిగిపోయే భయం ఉండదు. (ఒకప్పుడు అక్కయ్య క్యాసెట్ మీద మన పాటలు ఎక్కించుకోవడానికి ఆ కన్నాల్లో కాగితం కుక్కి సెల్లో టేపు అంటించిన చేతులే ఇవి.)

తర్వాత ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని చుట్ట వదులవుతుంది, బిగువు సమానంగా వస్తుంది. పెన్సిల్ పెట్టి తిప్పితే ఇంకా భద్రం, కాకపోతే సి-60లో ఉండేది దాదాపు 86 మీటర్ల టేపు, చెయ్యి లాగేస్తుంది. సి-90 టేపు ఇంకా పల్చన, దాన్ని మరీ నెమ్మదిగా తిప్పాలి. తెగిన చోట అతకాలంటే హెడ్డుకి తగలని వైపు అతకండి, అందుకని ప్రత్యేకం అమ్మే స్ప్లైసింగ్ టేపు వాడండి. మామూలు సెల్లో టేపు జిగురు కొన్నాళ్లకి కారి పక్క చుట్లకి పట్టేస్తుంది.

ప్లేయర్ సంగతి. అటక మీది పాత టేప్ రికార్డర్ దించితే మోటారు తిరుగుతుంది గానీ టేపు కదలదు, లోపలి రబ్బరు బెల్టు సాగిపోయో జిగురైపోయో ఉంటుంది. బెల్టు మార్చడం చిన్న పనే. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లలో అడగండి, వేరే ఊళ్లలో అయితే మిక్సీలు, రేడియోలు బాగుచేసే పాత మెకానిక్‌ని వెతకండి, కొలత కోసం పాత బెల్టు ముక్క తీసుకెళ్లండి. తర్వాత దూది పుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి హెడ్డు, దాని పక్కన తిరిగే సన్నటి ఇనప కడ్డీ, ఆ కడ్డీని ఒత్తుకునే రబ్బరు చక్రం తుడవండి. దూదికి గోధుమరంగు మడ్డి అంటుతుంది, అది అంటడం ఆగేదాకా తుడవాలి.

అమెరికాలో ఉన్న స్నేహితులకో మాట: ఇక్కడినుంచి నాన్నగారి టూ-ఇన్-వన్ తీసుకెళ్తే నేరుగా ప్లగ్గులో పెట్టకండి, అది మన 230 వోల్టులకి చేసింది, మీ దగ్గర వచ్చేది 120. బ్యాటరీలతో నడిచేదైతే ఆ బాధే లేదు.

ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ప్లేయర్‌కి లైన్ అవుట్ ఉంటే దానినుంచి, లేకపోతే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీయాలి. చాలా లాప్‌టాప్‌లలో ఉండే ఒక్క రంధ్రం మైకు కోసం చేసింది, అందులో పెడితే పగిలిన శబ్దం వస్తుంది. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో డబ్బా కొనుక్కుంటే ఆ తలనొప్పి ఉండదు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. 44,100 హెర్ట్జ్, స్టీరియో పెట్టుకుని, అన్నిటికంటే పెద్ద శబ్దం వచ్చినప్పుడు కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా వాల్యూమ్ సరిచూసుకుని, ఒక సైడు మొత్తం ఆపకుండా రికార్డు చేయండి. పాటకో ఫైలు చేయడం తర్వాతి పని. శబ్దం మసకగా ఉంటే హెడ్డు పక్కన ఉండే చిన్న స్క్రూని పాట నడుస్తుండగానే వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి చూడండి, ఒకచోట తాళాలు, గాజుల చప్పుడు స్పష్టంగా వినపడతాయి, అక్కడ ఆపండి.

రికార్డు అయ్యాక ముందు వేవ్ ఫైలుగా దాచండి, నిమిషానికి సుమారు 10 ఎంబీ తింటుంది, తిననివ్వండి. ఎంపీ3 దాన్నుంచి చేసుకోవచ్చు. ‘నాయిస్ రిడక్షన్’ బటన్ చూడగానే చేతులు దురద పెడతాయి. ఆ బుస్‌మనే శబ్దం మొత్తం తీసేస్తే గొంతులు నీళ్లలోంచి వచ్చినట్టు తయారవుతాయి. కొంచెం తగ్గించి ఊరుకోండి. కుక్కర్ కూత మాత్రం తీయొద్దు.

బట్టలు

అద్దె బట్టలు వద్దు. మీరు వేసుకున్నవి, లేదా వేసుకున్నట్టు కుట్టించినవి.

ఆడవాళ్లకి సగం పని అయిపోయినట్టే, చీరలు ఎవరూ పారేయలేదు. ఆ రోజుల గార్డెన్ వరేలీ ప్రింటు చీర బీరువాలో ఎక్కడో ఉంటుంది, ఉతికి నీడలో ఆరేస్తే చాలు. జాకెట్టు మాత్రం పట్టదు, దాన్ని ఆది జాకెట్టుగా టైలర్‌కి ఇచ్చి ‘మెడ, చేతులు ఇలాగే ఉండాలి, వొంటి కొలత మాత్రం ఇప్పటిది’ అని చెప్పండి. బుట్ట చేతులు కావాలంటే గట్టిగా చెప్పాలి, ఈ తరం టైలర్లు ‘కొంచెం పఫ్ పెడతాను మేడమ్’ అని పేరుకి రెండు కుచ్చులు పెట్టి వదిలేస్తారు. లంగా ఓణీ వేసుకుంటే ఇప్పుడు ఫంక్షన్లకి అద్దెకిచ్చే కాన్‌కాన్ లంగాలు, పూసల పనితనం ఉన్నవి అస్సలు వద్దు. కాలేజీకి వేసుకెళ్లింది మామూలు పూల లంగా, పలుచటి ఓణీ, బస్సెక్కేటప్పుడు కొంగు చుట్టి నడుములో దోపుకునేవాళ్లు. పంజాబీ డ్రెస్ అయితే చున్నీని రెండు భుజాల మీదా పిన్నీసులు పెట్టి ముందు వైపు వేలాడేయండి, అది లేకపోతే ఆ ఏడాది రాదు. స్టిక్కర్ బొట్టు, జడలో కనకాంబరాలో మల్లెలో, సైడుకో చెంపపిన్ను. అయిపోయింది.

మగవాళ్ల పని కష్టం. మన పాత ప్యాంట్లు ఎప్పుడో గిన్నెలవాడికి ఇచ్చేశారు. కుట్టించుకోవాలి, కుర్ర టైలర్‌కి బ్యాగీ అంటే ‘లూజ్ ఫిట్టా సార్’ అంటాడు. ఫొటో చూపించి ఇలా చెప్పండి: నడుము పైకి ఉండాలి, ముందు రెండు వైపులా రెండేసి ప్లీట్లు, తొడ దగ్గర బాగా వదులు, మోకాలి కిందినుంచి తగ్గుతూ వచ్చి బాటమ్ బిగుతుగా ఆగాలి. బెల్ బాటమ్ అయితే దీనికి పూర్తిగా రివర్సు, తొడా మోకాలూ పట్టేసి అక్కడినుంచి కింద విచ్చుకోవాలి, బూటు కనపడకూడదు. పారలల్ అయితే తొడ నుంచి కిందదాకా ఒకే వెడల్పు. గుడ్డ విషయంలో రాజీపడొద్దు, కాటన్ కుట్టిస్తే ఆ వాలు రాదు. టెరికాటనో, పాలిస్టర్ సూటింగో తీసుకోండి. ఉక్కపోస్తుంది, తెలుసు. అప్పుడూ పోసేది.

చొక్కా ఒక సైజు పెద్దది, చేతులు మోచేతి దాకా మడత, టక్ చేసి కొంచెం బయటికి లాగినట్టు వదులుగా. కాలర్ వెనక కర్చీఫ్ మడత, వెనక జేబులో దువ్వెన. తెల్ల కాన్వాస్ బూట్లు సరిపోతాయి. వాచీ పాతది ఉంటే ఆగిపోయినా సరే కట్టుకోండి. ఇక ఆ చొక్కా బొజ్జ దగ్గర బిగిస్తుంది అంటారా, గుండీలు రెండు పైన విప్పేది ఎలాగూ అప్పటి స్టైలే, కింద కూడా ఒకటి విప్పండి, ఎవరూ ఏమీ అనరు, అందరి పరిస్థితీ అదే.

జూనియర్లకో, పిల్లలకో అప్పటి వస్తువులు చూపించాలనుకుంటే పాత సంతలు బాగుంటాయి. హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర గురువారం సాగే జుమ్మేరాత్ బజార్‌లో ఓపిగ్గా తిరిగితే పాత రేడియోలు, క్యాసెట్లు, బెల్టు బకిల్స్ తగుల్తాయి. బేరం తప్పదు.

జుట్టు

విగ్గు పెట్టుకున్న మనిషిని చూస్తే నవ్వొస్తుంది, ఆ మనిషి గుర్తుకు రాడు. అందుకని ఉన్న జుట్టుతోనే పని కానివ్వండి. 80ల మొదట్లో లాగా చెవులు కప్పే క్రాఫు కావాలంటే మూడు నెలలు మంగలి షాపు వైపు వెళ్లకండి, ముందు చెప్పిన గడువు ఇందుకే. 90ల స్టెప్ కటింగ్ అయితే వెనక వదిలి పక్కలు తగ్గిస్తే చాలు. ముందంతా ఖాళీ అయినవాళ్లు సైడ్ లాకులు, మీసం పెంచుకోండి. అవీ ఇవీ రంగు మరీ నల్లగా వేసుకుని రాకండి బాబూ.

చోటు, తిండి, లైట్లు

ఫైవ్ స్టార్ హాలు వద్దు. వీలైతే కాలేజీ ఉన్న ఊళ్లోనే ఒక డాబా మీద, లేదా కల్యాణ మండపం చిన్న హాల్లో. గుండ్రంగా తిరిగే అద్దాల బంతి మనలో చాలామంది సినిమాల్లోనే చూశాం, కాబట్టి అది కూడా వద్దు. రెండు ట్యూబ్‌లైట్లు, వాటికి చుట్టిన రంగు జిలెటిన్ కాగితం, గోడకి సీరియల్ బల్బులు. తిండికి కాలేజీ పక్కన తిన్నదే చెప్పించండి, మిర్చి బజ్జీయో, ఇరానీ చాయ్ ఉస్మానియా బిస్కట్టో, పునుగులో. గోల్డ్ స్పాట్ మాత్రం దొరకదు, 1993లో పార్లే తన కూల్‌డ్రింకుల్ని కోకాకోలాకి అమ్మేశాక అది మెల్లగా మాయమైంది. లిమ్కా, థమ్స్ అప్ గాజు సీసాల్లో తెప్పించండి, స్ట్రా వేసి.

ఆ సాయంత్రం

డీజే వద్దు, ప్లేయర్ దగ్గర ఒకే మనిషిని కూర్చోబెట్టండి. బ్యాచ్‌లో ఎవరి చేతికి టేప్ రికార్డర్ ఇచ్చేవాళ్లో ఆ మనిషినే. కంప్యూటర్‌లోంచి వేస్తున్నా ప్రతి 30 నిమిషాలకీ పాట ఆపండి, ‘సైడ్ తిప్పుతున్నాం’ అని చెప్పండి. ఆ అయిదు నిమిషాల నిశ్శబ్దంలోనే మాటలు మొదలవుతాయి, అదే అసలు కార్యక్రమం. నాన్‌స్టాప్ వాయించేస్తే ముప్పై ఏళ్ల తర్వాత కలిసినవాళ్లు ఒకరి చెవిలో ఒకరు అరుచుకోవాలి.

ఇంట్లో రికార్డు చేసిన టేపు మధ్యలో వేయండి, చివర్లో కాదు, చివరికి సగం మంది క్యాబ్ బుక్ చేసుకుంటూ ఉంటారు. అందులో వినపడే గొంతు తాలూకు మనిషి ఇప్పుడు లేకపోతే ఆ ఇంటివాళ్లని ముందే అడిగి వేయండి, ఉన్నట్టుండి వినిపిస్తే తట్టుకోలేరు.

బ్రేక్ డాన్స్ మొనగాడు తప్పకుండా లేస్తాడు. నేల మీద తిరిగే స్టెప్పులు వద్దని మోకాళ్ల పేరు చెప్పి ఆపండి, చేతులతో కరెంటు పాస్ చేసే స్టెప్పు చాలు. డాబా మీద అయితే రాత్రి 10 తర్వాత లౌడ్ స్పీకర్ ఆపేయాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉదయం 6 దాకా ఒప్పుకోవు. పది తర్వాత అంత్యాక్షరి పెట్టుకోండి, మైకు లేకుండా.

మర్నాడు ఫైళ్లన్నీ ఒక డ్రైవ్‌లో పెట్టి గ్రూపులో లింకు ఇవ్వండి. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోలైతే ముఖ్యంగా, లేకపోతే నాణ్యత తగ్గించేస్తుంది. సినిమా పాటలున్న ఫైళ్లని యూట్యూబ్‌లో పెట్టకండి, కాపీరైట్ నోటీసు వస్తుంది. ఫైలు పేరులో ఎవరి క్యాసెట్, ఏ సైడు, ఏ ఏడాది అన్నది రాయండి. క్యాసెట్లు ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేయండి, డబ్బాతో సహా, లోపలి చీటీతో సహా. ఇచ్చేముందు పాటని మధ్యలో వదిలేయకుండా టేపుని ఒక చివరిదాకా తిప్పి ఇవ్వండి, ఫ్యాన్ రెగ్యులేటర్‌లకీ స్పీకర్లకీ దూరంగా, నిలబెట్టి పెట్టుకోమని చెప్పండి.